పురస్కారమే ప్రమాణమా?

న్యూజీలాండు జనసంఖ్య మన హైదరాబాదు నగర జనసంఖ్యలో ఇంచుమించు సగము. అంత చిన్న దేశమున పుట్టినవారు ముగ్గురు శాస్త్రరంగమున నోబెల్ పురస్కారమును గడించిరనియు, వారిలో కడపటివాడైన అలన్ మెక్‌డయర్మిడ్ పదార్థ విజ్ఞానమునకు చెందిన కృషికే 2000 సంవత్సరమున దానిని పొందెననియు, రూథర్‌ఫర్డు పతకము, ప్రధానమంత్రి విజ్ఞాన పురస్కారము మున్నగు గౌరవములను ఆ దేశము స్వయముగా నెలకొల్పి ప్రతిభను పైకెత్తుచున్నందువలననే లోహములు, పింగాణులు, పాలిమరులు మొదలగువాని శాస్త్రమున అది తన పరిమాణమునకు మించిన కీర్తిని ఆర్జించినదనియు, కావున ఇట్టి పురస్కారములు ఎంత పెరిగిన అంత మేలనియు ఒక అభిప్రాయము లోకమున స్థిరపడియున్నది. మంత్రుల ప్రసంగములలోను, విశ్వవిద్యాలయముల వార్షిక నివేదికలలోను, ఆక్లండులో స్థిరపడిన మన తెలుగువారు పిల్లల చదువులను గూర్చి విందులలో చెప్పుకొను మాటలలోను ఈ అభిప్రాయమే వేరువేరు వేషములతో కనబడుచుండును. దీనిని నేను అంగీకరింపజాలను.

పూర్వపక్షమును బలహీనముగా చెప్పి దానిని పడగొట్టుట వాదధర్మము కాదు గనుక, పురస్కారవాదులు చెప్పు మాటలను వారి పక్షమున నిలిచియే మొదట చెప్పెదను. పదార్థ శాస్త్రజ్ఞుని పని కంటికి కనబడదు. వంతెన నిర్మించిన ఇంజనీరును లోకము చూచును గాని వంతెన యుక్కులోని కణములను సవరించినవానిని చూడదు. కావున పతకమొక్కటియే వానిని వెలుగులోనికి తెచ్చును. ఒకని కృషి విలువను తూచగలవారు తోటి విద్వాంసులే. వారు కూడి యిచ్చిన తీర్పు కంటె నమ్మదగిన కొలత మరియొకటి లేదు. పురస్కారముతో ధనము వచ్చును, ధనముతో పరిశోధన సాగును. అన్నిటికంటె ముఖ్యముగా, మెడలో పతకము వ్రేలాడు పెద్దను చూచి బాలుడు నేనును అట్టివాడనగుదునని ప్రయోగశాల ద్వారము తట్టును. ఇవి తోసివేయదగిన మాటలు కావు. పతకములందు నాకు ద్వేషమును లేదు. అర్హుని నలుగురిలో సన్మానించుట నాగరికుల లక్షణమే. అయితే సన్మానము వేరు, కొలత వేరు, కారణము వేరు. జరిగిన పనికి చివర కట్టిన తోరణమును ఆ పనికే మూలమని భ్రమించుటతో చిక్కు ఆరంభమగుచున్నది.

ముగ్గురు నోబెల్ గ్రహీతలనే ముందు విచారింతము. నెల్సను పట్టణ సమీపమున పుట్టిన ఎర్నెస్టు రూథర్‌ఫర్డునకు 1908లో పురస్కారము తెచ్చిపెట్టిన కృషి కెనడాలోని మాంట్రియలులో జరిగినది. 1962లో దానిని పంచుకొన్న మారిస్ విల్కిన్సు పసితనముననే ఆ దేశమును విడిచి లండను కింగ్స్ కళాశాలలో పనిచేసెను. మాస్టర్టను పట్టణమున 1927లో పుట్టిన మెక్‌డయర్మిడ్ 1950లో అమెరికాకు పోయి, 1955 నుండి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున నిలిచి, అక్కడనే తన పురస్కారమునకు తగిన పనిని సాధించెను. నోబెల్ పట్టికయే ఒక దేశమునందలి విజ్ఞానమునకు కొలబద్ద యైనచో, న్యూజీలాండు పట్టిక కొలుచుచున్నది ఆ దేశపు ప్రయోగశాలలను కాదు, అచటినుండి బయలుదేరిన ఓడలను. పుట్టిన ఊరిని బట్టి కీర్తిని పంచుకొనుట మనకును క్రొత్త కాదు; అమెరికాలో ఒక తెలుగు పేరు ఏదో పట్టికలో కనబడగానే మన పత్రికలు వాని తాతముత్తాతల గ్రామమును వెదకుచు పరుగులు తీయును గదా!

ఇక మెక్‌డయర్మిడ్ పురస్కారపు కథలోనికి పోయినచో విషయము మరింత చిక్కబడును. విద్యుత్తును ప్రసరింపజేయు పాలిమరులను కనుగొన్నందుకై ఆయనకును, అలన్ హీగర్‌కును, జపాను దేశీయుడైన హిదెకి షిరకావాకును నోబెల్ లభించెను. నియమము ప్రకారము ముగ్గురికి మించి పంచరాదు. కాని ఆ కనుగోలు ఎట్లు కలిగెను? 1967లో షిరకావా పనిచేయుచున్న టోక్యో ప్రయోగశాలలో కొరియా నుండి వచ్చిన సందర్శక పరిశోధకుడొకడు పాలీఎసిటిలీనును తయారు చేయుచు, వలసిన దానికంటె ఇంచుమించు వేయిరెట్లు ఉత్ప్రేరకమును కలిపెను. నల్లని పొడి రావలసినచోట వెండివలె మెరయు పొర యొకటి ఏర్పడెను. 1975లో టోక్యోకు ఉపన్యాసమునకు వచ్చిన మెక్‌డయర్మిడ్, బంగారు వన్నెగల గంధక–నత్రజని పాలిమరును గూర్చి ప్రసంగించి, పిదప తేనీటి వేళ షిరకావాతో మాటలాడుచుండగా ఆ వెండి పొర సంగతి తెలిసికొనెను. షిరకావాను ఫిలడెల్ఫియాకు పిలిపించుటకు ధనము కావలసివచ్చెను. అమెరికా నౌకాదళ పరిశోధన కార్యాలయమున కెనెత్ విన్ అను అధికారి దానిని సమకూర్చెను. 1976 నవంబరులో ఆ పొరకు బ్రోమిను ఆవిరిని తగిలించి సి. కె. చియాంగ్ అను యువకుడు దాని వాహకతను కొలువగా అది కోటి రెట్లు పెరిగెను.

దీనికి మరల ఒక పూర్వకథ కలదు. 1963లోనే ఆస్ట్రేలియాలో డొనాల్డు వైస్, ఆయన సహచరులు అయోడిను చేర్చిన పాలీపైరోలు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయుటను ప్రకటించియుండిరి. వారికి లోకము చెవియొగ్గలేదు. కొరియా అతిథి చేతి పొరపాటు, విన్ అను అధికారి సాహసము, చియాంగ్ కొలతలోని నేర్పు, వైస్ ముందుచూపు: వీనిలో దేనికిని మూడు కుర్చీల వేదికపై చోటు లేదు. వేదికపై నిలిచినవారు అనర్హులని నేను చెప్పుట లేదు, ముగ్గురును మహామహులే. ఈ శాస్త్రమునందు పని ఎట్లు జరుగునో ఆ వేదిక చెప్పలేదనియే నా వాదము. పైగా ఆ ధనమును ఇచ్చిన అధికారి తీర్పు నోబెల్ సంఘపు తీర్పుకంటె ఇరువదినాలుగేండ్లు ముందు వచ్చినది. ఫలము చేతికందక మునుపే నమ్మి ఇచ్చినది. విజ్ఞానమునకు పనికివచ్చిన తీర్పు ఈ రెండింటిలో ఏదియో పాఠకులే నిర్ణయింతురు గాక.

స్వదేశమున, స్వదేశీయుల చేత, స్వదేశపు ధనముతో న్యూజీలాండు సాధించిన పదార్థ విజయమేదని నన్నడిగినచో నేను వెల్లింగ్టను నగరపు నేలమాళిగలను చూపెదను. భూకంపములకు ఆలవాలమైన ఆ నగరమున 1998లో తెరచిన తె పాపా జాతీయ ప్రదర్శనశాల సుమారు 150 బేరింగులపై కూర్చున్నది. శాసనసభా భవనమును కూడ పునాదుల నుండి కోసి అట్టి బేరింగులపై నిలిపిరి. ఇవి సీసము–రబ్బరు బేరింగులు. వీనిని కనుగొన్నవాడు బిల్ రాబిన్సన్. రబ్బరు పొరలను, పలుచని ఉక్కు పలకలను ఒకదానిపై నొకటి పేర్చి అతికింపగా ఏర్పడు దిమ్మ నిలువు బరువును తేలికగా మోయును, పక్కలకు మాత్రము మెత్తగా జరుగును. నేల ఊగినను పైనున్న కట్టడము ఆ వేగమును అందుకొనక నెమ్మదిగా కదలును. ఇంతవరకు ఇతరులును ఎరిగినదే. ఊగిన కట్టడము ఎప్పటికి ఆగవలెను? ఆ ఊపులోని శక్తిని ఎవరు మ్రింగవలెను? రాబిన్సన్ ఆ దిమ్మ నడుమ రంధ్రము చేసి సీసపు కడ్డీని దిగగొట్టెను.

సీసమే ఎందుకు? ఉక్కును మరల మరల వంచినచో అది గట్టిపడి, అలసి, తుదకు విరుగును. సీసము 327 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరగును; కావున పరమమానమున లెక్కించినచో మన గది వేడియే దాని ద్రవీభవనపు వేడిలో ఇంచుమించు సగము. అనగా కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుము ఏ స్థితిలో నుండునో సీసము చల్లని గదిలోనే ఆ స్థితిలో నున్నది. భూకంపమున అది నలిగి, సాగి, వంగి, శక్తిని వేడిగా మార్చి మ్రింగును. పిదప దాని స్ఫటికములు తమంతట తామే క్రొత్తగా పేర్చుకొనును. తరువాతి కంపమునకు అది మరల క్రొత్త సీసమే. లోహముల అంతర్నిర్మాణమును ఎరిగినవానికి తప్ప ఇట్టి ఊహ తట్టదు. 1981లో వెల్లింగ్టనున పూర్తియైన విలియమ్ క్లేటన్ భవనము ఈ బేరింగులపై నిలిచిన మొదటి భవనము. 1994 జనవరిలో లాస్ ఏంజిలిస్ ప్రాంతమున నార్త్‌రిడ్జి భూకంపము వచ్చినపుడు ఇట్టి బేరింగులపై నున్న విశ్వవిద్యాలయ వైద్యశాల తన పని మానలేదు. 2011 ఫిబ్రవరి 22న క్రైస్టుచర్చిలో 185 మంది మరణించిన దినమున, న్యూజీలాండు దక్షిణ ద్వీపమున ఇట్టి రక్షణ గలిగిన ఏకైక కట్టడమైన అచటి స్త్రీల ఆసుపత్రి చెక్కుచెదరక నిలిచెను. ఏ పండిత సంఘము ఇంత కఠినమైన పరీక్ష పెట్టగలదు?

రాబిన్సనుకు గౌరవములు రాలేదని కాదు. నేడు ఒక పరిశోధన సంస్థకు ఆయన పేరే కలదు. ఆ గౌరవములు బేరింగు వెనుక వచ్చినవే గాని ముందు వచ్చినవి కావు. ముందున్నదేమి? 1926లో ఏర్పడిన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన శాఖ అను ప్రభుత్వ విభాగము. లోయర్ హట్ పట్టణపు గ్రేస్‌ఫీల్డులో దాని భౌతిక, ఇంజనీరింగు ప్రయోగశాల. నెలనెలా వచ్చు జీతము. ఏటేటా ఫలితము చూపుమని అడుగని పైయధికారి. అదే విభాగమున భూకంపముల ఇంజనీరింగులో తలపండిన ఐవన్ స్కినర్. బర్క్‌లీ నుండి వచ్చి స్కినరుతో కలిసి ఉక్కు శోషకములపై పనిచేసిన జేమ్సు కెల్లీ. లోహమును ఎరిగినవాడును, భూకంపమును ఎరిగినవాడును ఒకే విభాగమున జీతగాండ్రై యుండుటచేతనే ఆ ఊహకు రూపము కలిగెను. ఆ విభాగమును 1992లో రద్దు చేసి ముక్కలుగా కోసి, లాభనష్టములు లెక్కచూపవలసిన సంస్థలుగా మార్చిరి. ఆ తరువాతనే గొప్ప పురస్కారములకు ప్రాభవము హెచ్చెను. ఈ రెండింటికిని కార్యకారణ సంబంధము కలదని నేను నిరూపింపజాలను. అయినను నిలుకడగా పెట్టు అన్నమును తగ్గించి పండుగ విందును పెంచిన ఇంటి యజమానుని చూచినట్లు నాకు తోచును.

అతివాహకముల కథను చూడుడు. 1986లో స్విట్జర్లాండునందలి ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నోర్జ్, ముల్లర్ అనువారు పింగాణి జాతి పదార్థమొకటి అంతకు మునుపు ఊహింపని వేడిమివద్ద విద్యుత్తును నిరోధము లేక ప్రసరింపజేయుటను కనిపెట్టిరి. మరుసటి యేడే నోబెల్ వారి యింటికి నడచివచ్చెను. పురస్కారవాదులకు ఇంతకంటె ముచ్చటైన ఉదాహరణము దొరకదు. కాని ఆ పింగాణి పెళుసుది. దానితో తీగ చేయుట యెట్లు? గ్రేస్‌ఫీల్డులోనే జెఫ్ టాలన్, బాబ్ బక్లీ అనువారు 1988 ప్రాంతమున బిస్మతు కలిసిన అతివాహకమొకదానిని, సున్నకు దిగువ 163 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పనిచేయుదానిని, గుర్తించి దాని నిర్మాణమును తేల్చిరి. దాని పొడిని వెండి గొట్టములో కూరి, సాగదీసి, అణచి, కాల్చి పట్టీగా చేయవలెను. తనగుండా ఆమ్లజనిని పోనిచ్చు గుణము వెండికి కలదు గనుకనే ఆ ఖరీదైన లోహము తప్పదు. ఏ వేడిలో ఎంతసేపు, ఎన్ని మారులు, ఎంత ఆమ్లజనితో అనునది తేల్చుటకు ఒక తరము పట్టినది. అనుమతి పొందిన అమెరికా కంపెనీలు, కొలిమి చూచుకొను సాంకేతికులు, సూక్ష్మదర్శిని ముందు కన్నులు కాయలు కాచినవారు ఎందరో దానిలో పాలుపంచుకొనిరి. కనుగోలుకు ఒక్క యేటనే దక్కిన నోబెల్, తీగకు ఏనాటికిని దక్కలేదు. పదార్థ ఇంజనీరింగు అనగా ఆ తీగయే.

టాలన్, బక్లీలకు 2009 సంవత్సరమునకు ప్రధానమంత్రి విజ్ఞాన పురస్కారము, ఐదు లక్షల డాలర్లు, లభించెను. ఆ పురస్కారము మొదట పొందినవారు వారే. దానిలో పెద్దపాలు పరిశోధనకే వ్యయింపవలెనను నియమము మెచ్చదగినదే. ధనము సంగతి చెప్పినవారికి నా ప్రత్యుత్తరము కూడ ఇక్కడనే కలదు: ఇరువదేండ్ల పైచిలుకు శ్రమ ముగిసి, పేరు స్థిరపడి, ఏ తలుపు తట్టినను తెరచుకొను దశకు వచ్చినవారికి ఐదు లక్షలిచ్చుటకును, 1988లో పేరు తెలియని ఇద్దరు జీతగాండ్రకు ఒక కొలిమిని, ఒక సాంకేతికుని, పదేండ్ల నిశ్చింతను ఇచ్చుటకును హస్తిమశకాంతరము కలదు. మొదటిది ఉన్నవానికి పెట్టుట, రెండవది విత్తుట.

తోటి విద్వాంసుల తీర్పు కంటె నమ్మదగినది లేదనువారు 2002 సంవత్సరమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. బెల్ ప్రయోగశాలలలో పనిచేసిన యాన్ హెండ్రిక్ షోన్ అను జర్మను యువకుడు సేంద్రియ పదార్థములతో ట్రాన్సిస్టరులను, అతివాహకములను చేసితినని వారము వారమును ఒక అద్భుతమును ప్రకటించుచుండగా, పండిత సంఘములు వానికి బహుమతులు కురిపించినవి. అమెరికాలోని మెటీరియల్స్ రీసెర్చ్ సొసైటీ వానిని ఆ 2002లోనే విశిష్ట యువ పరిశోధకుడని సన్మానించినది. ఆ యేటి సెప్టెంబరులో మాల్కమ్ బీస్లీ అధ్యక్షతన విచారించిన సంఘము ఇరువదినాలుగు ఆరోపణలలో పదునారింటిని నిజమని తేల్చెను, కొలతలు కల్పితములు. మోసమును పట్టుకొన్నదెవరు? వేరువేరు ప్రయోగములవని చెప్పిన రెండు గ్రాఫులలో యాదృచ్ఛికపు గీతలు అచ్చుగుద్దినట్లు ఒకటిగా నుండుటను ఓపికతో గమనించిన లిడియా సోన్, పాల్ మెక్యూన్ మున్నగువారు. వారి చూపు ఈ శాస్త్రమునకు చేసిన మేలు ఒక క్రొత్త పదార్థము చేసిన మేలుకంటె తక్కువ కాదు. అట్లే 2023లో కొరియానుండి గది వేడిలో పనిచేయు అతివాహకమను కేక వినబడగా, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల మొదలుకొని లోకమున పలుచోట్ల పరిశోధకులు ఆ పదార్థమును తామును చేసి, కొలిచి, కాదని కొద్ది వారములలో తేల్చివేసిరి. కానిదానిని కాదని నిరూపించినవానికి ఏ దేశమున ఏ పతకము కలదు? పురస్కారమునకు అవును అనుమాట కావలెను. శాస్త్రమునందు సగము పని లేదు అనుట.

మరియొక చిక్కు. పదార్థశాస్త్రమునకు నోబెల్ పట్టికలో ప్రత్యేకమైన గది లేదు. మెక్‌డయర్మిడ్ రసాయనశాస్త్రపు గుమ్మమునుండియు, బెడ్నోర్జ్ భౌతికశాస్త్రపు గుమ్మమునుండియు లోనికి పోయిరి. ఏ గుమ్మమునకును చెందక నడుమ నిలిచిన పనులు బయటనే యుండిపోవును. న్యూజీలాండు పశ్చిమ తీరపు నల్లని ఇసుకలో ఇనుమున్నదని వలసవచ్చినవారు పందొమ్మిదవ శతాబ్దమునుండియు ఎరుగుదురు. దానిలోని టైటేనియము మామూలు కొలిమిలో చిక్కని మడ్డిగా మారి అడ్డుపడుటచే వారి యత్నములు ఒకదాని వెంట నొకటి విఫలమైనవి. 1960వ దశకమున గ్లెన్‌బ్రూకున నెలకొన్న ఉక్కు కర్మాగారము, ఇసుకను బొగ్గుతో కలిపి తిరుగుడు కొలిమిలో కరగకుండగనే ఇనుముగా మార్చు పద్ధతిని ఆ ఇసుకకు తగినట్లు మలచుకొని, ఏండ్ల తరబడి తంటాలు పడి నిలదొక్కుకొన్నది. నేడా ఇసుక నీటితో కలిసి పదునెనిమిది కిలోమీటర్ల గొట్టములో ప్రవహించి కర్మాగారము చేరుచున్నది. ఈ విజయమునకు పతకధారి ఎవరని ఆక్లండు వీధిలో ఎవరినడిగినను చెప్పలేరు.

ఇప్పుడు ఆ దేశపు పురస్కారభక్తికి పరాకాష్ఠను చెప్పెదను. పాల్ కాలహన్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు అయస్కాంత అనునాదముతో మెత్తని పదార్థముల లోపలి కదలికలను చూచు విద్యలో దిట్ట. మెక్‌డయర్మిడ్ పేరిట 2002లో ఏర్పడిన పరిశోధన సంస్థకు తొలి నిర్దేశకుడు. 2005లో రూథర్‌ఫర్డు పతకమును, 2010కి ప్రధానమంత్రి పురస్కారమును పొందినవాడు. ప్రతిభ గలవారు నివసింపగోరు చోటుగా తన దేశము కావలెనని ఆయన ఊరూర చెప్పెను. 2012లో ఆయన మరణించిన మరుసటి యేడు, గ్రేస్‌ఫీల్డు పరిశోధన సంస్థను కలుపుకొని ప్రభుత్వము నెలకొల్పిన క్రొత్త సంస్థకు కాలహన్ ఇన్నొవేషన్ అని పేరు పెట్టిరి. 2025 జనవరిలో ఆ సంస్థను మూసివేయుచున్నామని ప్రభుత్వమే ప్రకటించెను. సంస్థలో లోపములుండెనేమో, మూయుటకు కారణములు కలవేమో, అది వేరు చర్చ. కాని పతకము ఇచ్చి, పేరు పెట్టి, పన్నెండేండ్లకు ఆ పేరుగల తలుపునే మూసిన రాజ్యము విజ్ఞానమును గౌరవించుచున్నదని చెప్పుటకు ఎంత గుండె కావలెను! మన శ్రీనాథుని ప్రౌఢదేవరాయలు కనకాభిషేకము చేసి సత్కరించెనట. వృద్ధాప్యమున ఆ మహాకవియే కృష్ణాతీరమున పొలమును వరదపాలు చేసికొని, పన్ను చెల్లింపలేక శిక్ష యనుభవించెనని చాటుకథలు చెప్పుచున్నవి. తలపై పోసిన బంగారము ఎంత యైనను మడికి గట్టు కాజాలదు.

ఈ మాటలు పరదేశమునకే తగులునని మనవారు సంతోషింప నక్కరలేదు. ఎల్లాప్రగడ సుబ్బారావునకు నోబెల్ రాలేదని మనము మూడు తరములుగా విలపించుచున్నాము. ఆయన కనుగొన్న మందులతో బ్రతికినవారి లెక్కకంటె రాని పతకపు లెక్కయే మనకు ప్రియమైనది. పదార్థశాస్త్రముననే చూడుడు: ఆచార్య పల్లె రామారావునకు 1985లో భట్నాగర్ పురస్కారమును, 2011లో పద్మవిభూషణమును వచ్చినవని మన విద్యార్థి పరీక్షకు బట్టీపట్టును. హైదరాబాదు కాంచన్‌బాగులో 1963లో రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల ఎందుకు వెలసెను, దాని ప్రక్కనే 1973లో మిశ్రధాతు నిగమ్ ఎందుకు అవసరమయ్యెను, విదేశములు అమ్మ నిరాకరించు మిశ్రలోహములను కరగించుటకు అచట ఎట్టి కొలిములు కావలసివచ్చెను అని అడిగినచో ఆ విద్యార్థి తెల్లముఖము వేయును. పురస్కారము ప్రజలకు విజ్ఞానమును పరిచయము చేయునన్న వాదమునకు ఇంతకంటె సమాధానమేల? అది పరిచయము చేయునది పేరును, సంవత్సరమును.

మిగిలినది బాలుని మాట. పెద్దల పతకములను చూచి పిల్లలు శాస్త్రమువైపు తిరుగుదురన్న మాటను పరీక్షించుటకు మెక్‌డయర్మిడ్ బాల్యమే మనకు చాలును. ఆయన తానే దానిని వ్రాసియుంచెను. ఆర్థిక మాంద్యపు రోజులు, తండ్రి ఉద్యోగము లేని ఇంజనీరు, ఇంట పేదరికము. పదేండ్ల ప్రాయమున తండ్రిగారి పాత రసాయనశాస్త్ర గ్రంథమొకటి చేతికి తగిలెను. ఏమియు తెలియలేదు గాని తెలిసికొనవలెనను కోరిక పుట్టెను. లోయర్ హట్ ప్రజా గ్రంథాలయమునకు సైకిలుపై పోయి బాలురకొరకు వ్రాసిన రసాయన పుస్తకమొకటి తెచ్చి, ఇంచుమించు ఒక సంవత్సరము దానిని మరల మరల ఎరువు తెచ్చుకొని అందలి ప్రయోగములను చేసెను. పదునారవ యేట చదువు ఆపి, విక్టోరియా విశ్వవిద్యాలయ కళాశాలలో గాజుపాత్రలు కడుగుచు నేల ఊడ్చు కుర్రవాని పనిలో కుదిరెను; మిగిలిన వేళలలో చదువుకొనెను. తరువాత అచటనే ప్రదర్శకుడై, ఉపాధ్యాయుని సూచనపై గంధకము, నత్రజని కలిసిన నారింజ వన్నె స్ఫటికములను తయారు చేసెను. 1949లో ఆయన తొలి వ్యాసము వానిపైననే వెలువడెను. ఆ స్ఫటికములనుండియే పుట్టిన బంగారు వన్నె పాలిమరును గూర్చి ఆయన 1975లో టోక్యోలో ప్రసంగించెను. ఆ ప్రసంగము లేనిచో తేనీటివేళ ఆ మాటలు లేవు, ఆ మాటలు లేనిచో వెండి పొర లేదు, స్టాక్‌హోము లేదు. పురస్కారములను పెంపవలెనని పట్టుబట్టు పెద్దలు ఆ గ్రంథాలయమునకు, కుర్రవాడు పాత్రలు కడిగి చదువుకొన గలిగిన ఆ కళాశాలకు, ఆ స్ఫటికములకు వలసిన గంధకమునకు ఏ పురస్కారపు నిధి ఖర్చు పెట్టెనో చెప్పవలెను. చెప్పినపిదప మేము మరల వాదింతుము.